శ్రీశైలం ఘాట్‌లో మా క్యారవాన్ ఆగిన మలుపు

పదకొండేళ్ల కిందట శ్రీశైలం ఘాట్‌లో జరిగిన ఒక షూటింగ్‌లో మా నాన్న చనిపోయారు. ఆయన లైట్‌మన్. లైటు స్టాండు మీద నుంచి లోయలోకి పడ్డారనీ, పడగానే ప్రాణం పోయిందనీ యూనిట్ వాళ్లు చెప్పారు. అమ్మ నమ్మలేదు. అందరూ ‘పడగానే’ అన్న మాటను పాఠం అప్పజెప్పినట్టు ఒకేలా చెప్పడమే ఆవిడ అనుమానానికి కారణం. అసలేం జరిగిందో తెలుసుకోవాలి, ఆ చోటు చూడాలి అని ఏటా పోరేది. కాస్ట్యూమ్స్‌లో పనిచేసే నేను ఏదో ఒక షూటింగ్ పేరు చెప్పి తప్పించుకునేదాన్ని.

ఈ వానాకాలం పనులు సన్నగిల్లి, ఫిల్మ్‌నగర్‌లో క్యారవాన్లు వరసగా ఖాళీగా నిలబడ్డాయి. తారలు మేకప్‌కీ విశ్రాంతికీ వాడే ఈ బళ్లను ఇప్పుడు కుటుంబాలకు కూడా అద్దెకు తిప్పుతున్నారు. మంచం, బాత్రూమ్, చిన్న వంటగట్టు అన్నీ ఉంటాయి. డ్రైవర్‌తో కలిపి రోజుకు పద్నాలుగు వేలు, డీజిల్ మనదే. అమ్మ పట్టుబట్టి యాదగిరి అనే డ్రైవర్ నడిపే బండే కావాలంది. ఆనాటి యూనిట్‌లో అతనూ ఉన్నాడని నాకు దారిలో తెలిసింది.

మేముండే కృష్ణానగర్ సందుల్లోకి క్యారవాన్ రాదు కాబట్టి, పొద్దున ఐదున్నరకు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఎక్కాం. అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకుని తొమ్మిదికి డిండి రిజర్వాయర్ చేరాం. గట్టు పక్కన చేపలు వేయిస్తున్న ఆవిడ, మబ్బు దిగితే ఘాట్‌లో ఎక్కడా ఆగొద్దని చెప్పి, ఉల్లిపాయ ముక్కలు ఇంకాసిని వేసింది. చేపలు బ్రహ్మాండంగా ఉన్నాయి. అమ్మ ముట్టుకోలేదు.

మన్ననూరు దగ్గర అడవి గేటు దాటాక ఫోన్లు మూగబోయాయి. దోమలపెంట దాటి ఘాట్ మొదలయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండు. అయినా మబ్బు రోడ్డు మీదికి దిగి, పది అడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. ఒక మలుపులో యాదగిరి కిటికీ అద్దం దించి, “ఆఁ అన్నా, ఈడనే ఉన్న” అన్నాడు. బయట మనిషన్నవాడు లేడు.

“ఎవరికి పలికావు యాదగిరీ?” అని అమ్మ అడిగింది.

అతను బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాడు.

“అన్న పడ్డంక బతికే ఉండె వదినా. కింద పొదలల్లకెల్లి నన్ను పేరు పెట్టి రెండు సార్లు పిల్చిండు. సైలెన్స్ అన్నరు, షాట్ నడుస్తుండె. నేను పలకలే. షాట్ ఓకే అయినంక పోయి చూస్తే అయిపోయింది.”

అతని చెంప పగలగొట్టాలనిపించింది. కానీ సైలెన్స్ అన్నాక మైకులో దగ్గు పడినా టేక్ పోతుందని, చీమ కుట్టినా కదలకుండా నిలబడే మనుషులం మేం. ఆ రోజు అక్కడ ఉంటే నేను మాత్రం పలికేదాన్నా? ఆ ప్రశ్నకు నాకే సిగ్గేసింది. ఈ మలుపుకొస్తే అన్న పిలుపు వినబడుతుందని, అందుకే పలుకుతానని యాదగిరి తల దించుకుని చెప్పాడు.

అమ్మ ఏడవలేదు. దిగి, పిట్టగోడ దాకా నడిచి, చాలాసేపు మబ్బులోకి చూసింది. ఆకుల మీంచి నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప నాకేమీ వినబడలేదు. తిరిగొచ్చి, “ఇక నువ్వు పలకక్కర్లేదు యాదగిరీ. నేను పలుకుతాను” అంది. ఆ తర్వాత శ్రీశైలం రిజర్వాయర్ కనబడే మలుపులో మబ్బు విడింది. కింద కృష్ణ నిండుగా, నల్లగా ఉంది. ఇంత అందమైన చోటును ఇంత భయంతో నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ కోరుకున్న నిజం దొరికింది. దానితోపాటు ఇంకేం తెచ్చుకున్నామో నాకు తెలియదు. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తీస్తారు, క్యారవాన్ నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి వానాకాలంలో మధ్యాహ్నం లోపే ఘాట్ దాటేయండి. మేం తిరిగొచ్చి వారమైంది. నిన్న పొద్దున ఇంట్లో చిక్కుడుకాయలు తుంచుతూ అమ్మ తలెత్తి, “ఆఁ, వస్తున్నానండీ” అంది. ఎవరని నేను అడగలేదు.