విమానానికి కట్టె బేరం

పటాన్‌చెరు దిక్కు కార్ఖానాలు కొత్తగ లేస్తున్న రోజులు. మా ఇంట్ల కిరాయికున్న సారు అండ్ల ఒకదాంట్ల ఇంజనీరు, కోస్తా మనిషి. ఒక్కడు కూసునే కట్టె విమానం చేస్తనని వెనక రేకుల షెడ్డుల పని మొదలుపెట్టిండు. రెక్క పొడుగునా పోయే దూలానికి తేలికైన కట్టె గావాలె, నార నిలువుగ ఉండాలె, కొమ్మ మొలిచినకాడి ముడి ఒక్కటి గూడ ఉండొద్దు. ముడి ఉన్నకాడ విరుగుతది. విరిగితే కింద పడేది సారే.

అసుంటి కట్టె బయట కొననీకి ఆయన జీతం సాలదు. విదేశాలకెల్లి మిషన్లు వచ్చే పెట్టెల కట్టె తెల్లగ, తేలికగ ఉంటది. ఇప్పేసిన ఆ పెట్టెలు పాతసామాన్ల దుకాణంల దొరుకుతయి. బేరం నా మీద వడ్డది. దుకాణాల నడుమ పెరిగినోణ్ని, కొనే సరుకును తిట్టకపోతే నాకు పానం నిమ్మళం గాదు.

దుకాణానికి పోయి పలక పలకా ఎత్తి తిట్టిన. "ఇదేంది సేటూ, అమ్మవారు పోసినట్టు ఒళ్లంత ముడులే! పొయ్యిల పెట్టనీకి గూడ పనికిరాదు."

దుకాణపాయన నవ్విండు. "ఐతారం రా, మంచియి తీసిపెడత."

ఐతారం సారును ఎంటవెట్టుకొని పోయిన. పలకలు నున్నగ మెరుస్తున్నయి, ముడి అన్నదే లేదు. ధర గూడ నేనన్నదే. గంత జల్దీ ఒప్పుకునే వ్యాపారిని నేను పుట్టి ఎరుగ. పసుపు కొమ్ములకు రంగు పూసిండ్రా అని చూసినట్టు, తడి రుమాలుతోని గట్టిగ రుద్దిన. తోళ్లబంకల కలిపిన రంపపు పొట్టు ముద్దలెక్క ఊడి వేళ్లకంటింది. చచ్చిన గొడ్డు కంపు. దాని కింద నల్లటి ముడి.

"థూ! ఏంది సేటూ ఇది?"

"నువ్వే గద ముడులు ముడులని మొత్తుకుంటివి," అన్నడు, సిగ్గు లేకుంట. "సగం ధరకు తీస్కపో."

ఏది దాచాలెనో నా తిట్లే నేర్పినయి వానికి. సగం ధర అనంగనే, ఆ కంపుల గూడ, నా నోట్ల నీళ్లూరినయి. "ముడులు కోసేసి అతికిస్తే..." అని సారు దిక్కు చూసిన.

సారు చేతిల పలకను కింద పెట్టేసిండు. "కూర్చునేది నేనయ్యా."

మర్నాడు సంగారెడ్డి కట్టెకోత మిషన్‌కాడ దేవదారు పలకలు రుద్ది, మూతి ఆనిచ్చి వాసన చూసిన. చూసేటోళ్లు కుక్క అనుకున్నరేమో. సారు జీతానికి సాలనిదాన్కి రెండు నెలల కిరాయి ఆగుతనని చెప్పి, అడిగినంత ఇప్పించిన. ఒక్క మాట తిట్టలే, తిడితే ఈ మిషనాయన గూడ ఏం దాస్తడో అని. బండి మీద సారు ఈలలేసుకుంట కూసున్నడు. నేనైతే బేరం ఆడకుంట ఇచ్చిన పైసలను వేళ్ల మీద మళ్ల మళ్ల లెక్కవెట్టుకున్న.