ఇద్దరం ఎక్కాల్సిన గుట్ట

స్కాట్లండ్‌లో స్కై అనే ద్వీపం ఉందనీ, అక్కడ స్టోర్ అనే కొండ మీద నిటారుగా నిలబడ్డ ఒక పెద్ద రాయి ఉందనీ నాకు చెప్పింది మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే అక్క. ఆ రాయిని అక్కడివాళ్ళు ముసలాయన అంటారు. దూరం నుంచి చూస్తే కొండకి వీపు పెట్టి సముద్రం వైపు చూస్తున్న మనిషిలా ఉంటుందట. ఎవరో పంపిన వీడియోలో చూసింది ఆవిడ. ఆ రోజు నుంచి ఆవిడ ఫోన్ తెర మీద వేంకటేశ్వరస్వామి పోయి ముసలాయన వచ్చాడు. వెళ్ళాలన్న కోరిక ఆవిడది. వెళ్ళింది నేను.

అమెరికాలో, అర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో మా రెండిళ్ళకీ మధ్య ఒకే గోడ. మా ఆయనా, ఆవిడ భర్తా ఒకే కంపెనీలో, ఒకే ప్రాజెక్ట్‌లో కాంట్రాక్టర్లు. ఆవిడది వరంగల్ వైపు, నాది తెనాలి. నేను కొండ అంటే ఆవిడ గుట్ట అనేది. మొదట్లో ఒకరి మాటకి ఒకరం నవ్వుకునేవాళ్ళం. తర్వాత నాకు తెలియకుండానే నా నోటా గుట్టే పలకడం మొదలైంది.

మా రెండోవాడు పుట్టాక నేను ఇల్లు కదలడం మానేశాను. కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా దొరకని ఊరు. మా ఆయన కారేసుకుని ఆఫీస్‌కి వెళ్ళిపోతే కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునేదాన్ని. కారణం లేకుండా ఏడుపొచ్చేది. ఒక ఉదయం ఆవిడ తలుపు కొట్టి, ఏమైందని అడగలేదు, బాగున్నావా అనీ అడగలేదు. “షూస్ ఏస్కో. పిల్లగాన్ని స్ట్రోలర్‌ల కూసోపెట్టు” అంది. ఆ రోజు కాంప్లెక్స్ వెనక ట్రెయిల్ మీద వంతెన దాకా నడిచాం. తర్వాత వారం చెరువు దాకా. రెండేళ్ళు తిరిగేసరికి శనివారాలు పిల్లల్ని మొగుళ్ళకి అప్పగించి ఒజార్క్ కొండలకి డ్రైవ్ చేసుకుంటూ పోయేవాళ్ళం. ఇప్పుడు నేను మనిషిలా తిరుగుతున్నానంటే అందులో సగం ఆవిడ చలవే.

స్కై ప్రయాణం అలా పుట్టింది. ఇద్దరమే. బ్రిటన్ వీసాలు తెచ్చుకున్నాం, టికెట్లు బుక్ చేసుకున్నాం. బరువు మోయడం అలవాటు కావాలని బ్యాక్‌ప్యాకుల్లో సోనా మసూరి బియ్యం నింపుకుని కాంప్లెక్స్ మెట్లు ఎక్కి దిగుతుంటే, పిల్లలు బాల్కనీలో నిలబడి నవ్వేవాళ్ళు.

ప్రయాణం నెల ఉందనగా ఒక శుక్రవారం మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చి షూస్ విప్పకుండానే సోఫాలో కూర్చున్నాడు.

“ప్రాజెక్ట్ తగ్గించేశారు. మా టీమ్‌లో కాంట్రాక్టర్ ఒక్కరినే ఉంచుతున్నారు” అన్నాడు.

“ఎవర్ని?”

“నన్ను.”

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట హమ్మయ్య. ఆ మాట పైకే అన్నాను. మా ఆయన సంతోషపడలేదు, తల తిప్పి గోడ వైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, గోడ అవతల ఎవరున్నారో. అటు నుంచి టీవీ చప్పుడు కూడా లేదు.

మాకు అంతకుముందు ఏడాదే గ్రీన్ కార్డ్ వచ్చింది. వాళ్ళది ఇంకా ఆయన ఉద్యోగం మీద ఆధారపడ్డ వీసానే. మా ఆయన వాళ్ళాయన కంటే కాస్త ముందు లైన్లో నిలబడ్డాడు, అంతే తేడా. ఆ వీసా మీద ఉద్యోగం పోయినవాళ్ళకి ఇంకోటి వెతుక్కోవడానికి రెండు నెలల గడువుంటుంది, దొరక్కపోతే దేశం వదలాలి. ఆ మధ్యలో దేశం దాటితే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు. కాబట్టి అక్క స్కై ప్రయాణం అక్కడితో ముగిసింది. ఆ సంగతి ఆవిడ నాతో చపాతీ పిండి కలుపుతూ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

“నేను రాలేను గానీ నువ్వు పోయిరా.”

“నేనూ క్యాన్సిల్ చేస్తానక్కా.”

“ఎందుకు? నువ్వు ఆగితే మీ బావకు జాబ్ వస్తదా?”

“అలా కాదు...”

“మరెట్ల? ఇద్దరి మొక్కు ఇద్దరం ఎగ్గొడ్తమా? ఒక్కరన్న పోవాలె.” పిండి చేతులతోనే నా భుజం తట్టింది. “పోయి సక్కగ చూసొచ్చి నాకు చెప్పు. ఒక్కటి ఇడువొద్దు.”

ఆవిడ ఒప్పించింది కాబట్టి వెళ్ళానని అందరికీ చెప్పాను. లోపల నాకు వెళ్ళాలనే ఉంది. టికెట్ మీద ఆవిడ పేరు పోయిందని బాధపడుతూనే ఆ రాత్రి సాక్సులు ఎన్ని జతలు పెట్టుకోవాలా అని ఆలోచించాను.

స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్‌లో విమానం దిగి బస్సులో స్కై చేరాను. పక్క సీటు ఖాళీ. దాని మీద నా బ్యాక్‌ప్యాక్ పెట్టాను. సంతోషపడకుండా వెళ్ళి వచ్చేద్దామని దారి పొడుగునా అనుకున్నాను. ఉపవాసం ఉన్నవాళ్ళు విందు ఇంట్లో వడ్డించి వచ్చినట్టుగా, చూసి, ఫోటోలు తీసి, తెచ్చి ఆవిడ చేతిలో పెడితే చాలు అనుకున్నాను.

స్టోర్ కొండ కింద చెరువు పక్కన బస్సు దింపేసింది. మే నెల. అయినా అర్కాన్సాలో జనవరిలో వేసుకునేవన్నీ వేసుకున్నాను. గేటు దాటగానే గులకరాళ్ళ దారి, రెండు వైపులా గొర్రెలు, వాటి వెనక తోకలూపుకుంటూ పిల్లలు. పైన ముసలాయన ఉండాల్సిన చోట తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఏమీ కనబడకపోతే ఆవిడకి ఏ నష్టమూ జరగనట్టే.

సగం దాకా దారి సులువుగానే ఉంది. ఆ పైన రాతిమెట్లు, మెట్ల మధ్య బురద. గాలి పక్క నుంచి వచ్చి తోస్తోంది. ఒకచోట కాలు నిలవక మోకాళ్ళ మీద కూలబడ్డాను. తెల్లజుట్టు భార్యాభర్తలిద్దరు వెనక నుంచి వచ్చి చెరో చెయ్యీ పట్టుకుని లేపారు. స్కాట్లండ్ వాళ్ళే, మాటను బట్టి తెలిసింది.

“ఒక్కదానివే వచ్చావా?” అని అడిగింది ఆమె.

“లేదు, మా అక్క వెనకాల వస్తోంది” అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఒక్కదాన్నే అని చెప్పడానికి సిగ్గేసిందేమో. వాళ్ళు తలూపి ముందుకెళ్ళారు. ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

పైకి చేరేసరికి ఊపిరి అందడం లేదు. ఒక రాతి చాటున నిలబడి నీళ్ళు తాగుతున్నాను. ఇంతలో గాలి మబ్బుని ఎవరో దుప్పటి లాగినట్టు లాగేసింది. నా ఎదురుగా, తల పైకెత్తితే తప్ప కొస అందనంత ఎత్తున ముసలాయన. నల్లగా, తడిగా మెరుస్తూ, ఒక పక్కకి ఒరిగి. వీడియోల్లో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. వెనక కొండ గోడ, కింద చెరువులు, వాటి అవతల సముద్రం, సముద్రం మీద పరుగెత్తే ఎండ ముక్కలు. నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో తెలియదు. ఒంటరిగా, నడివయసులో, తెలియని దేశంలో కొండ మీద నిలబడి అరిచాను, నవ్వాను, ఇంకా పైనున్న దిబ్బ ఎక్కాను, అక్కడ నుంచి చూశాను, మళ్ళీ దిగాను, రాయి చుట్టూ తిరిగాను. తడి రాతి మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను.

అంతసేపూ అక్క నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

గుర్తు చేసింది ఆ పెద్దావిడే. వాళ్ళు కాస్త కింద గడ్డిలో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతున్నారు. “రా, కూర్చో. మీ అక్క వచ్చాక మీ ఇద్దరికీ ఫోటో తీస్తాం. నీ కోసమే ఆగాం” అంది.

ఆమె ఇచ్చిన టీ కప్పు పట్టుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాను. ఆ పెద్దాయన కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కింద దారిలో వచ్చేవాళ్ళని చూస్తున్నాడు. “ఆ నీలం జాకెట్ ఆవిడా?” అన్నాడు. కాదన్నాను. ఇంకాసేపటికి, “అదిగో, ఆ టోపీ ఆవిడ?” అన్నాడు. అదీ కాదన్నాను. లేని మనిషి కోసం ఆ ఇద్దరూ చలిలో ఎదురుచూస్తుంటే ఇక ఆపుకోలేకపోయాను.

“ఆమె రాదు. ఇద్దరం రావాలనుకున్నాం. ఆమె రాలేకపోయింది” అన్నాను. మిగతాది చెప్పకుండా టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

పెద్దావిడ నా మొహంలోకి చూసి, “అయ్యో తల్లీ” అని నన్ను దగ్గరికి తీసుకుంది. పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పటికి గానీ నాకు వెలగలేదు, వాళ్ళకి ఏం అర్థమైందో. అక్క చనిపోయిందనుకున్నారు. కాదండీ, ఆమె అర్కాన్సాలో ఉంది, బహుశా ఇప్పుడు పిల్లల్ని స్కూల్ బస్ ఎక్కిస్తోంది అని చెప్పాలి. చెప్పలేదు. వీసా సంగతి మొదలుపెట్టి ఎక్కడిదాకా చెప్పను? పైగా ఆ కౌగిలి వెచ్చగా ఉంది. నేను ఏడ్చాను. ఆవిడ బతికుండగా, ఆవిడ పోయిందని పరాయివాళ్ళ దగ్గర ఓదార్పు పుచ్చుకుని, వాళ్ళ బిస్కెట్లు కూడా తిని కొండ దిగాను.

ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. హాలంతా అట్టపెట్టెలు. వెళ్ళిపోవాల్సొస్తే సిద్ధంగా ఉండాలని స్టీలు గిన్నెలు పేపర్లలో చుడుతోంది. నన్ను చూడగానే పక్కన నేల మీద చోటు చేసింది.

“చెప్పు. ఎట్లుండె?”

“పెద్దగా ఏం లేదక్కా. వాన, బురద. మన ఒజార్క్ గుట్టలే నయం.”

ఆవిడ టేప్ చుట్టడం ఆపలేదు. “మబ్బు పట్టిందా?”

“ఆ, చాలా వరకు మబ్బే.”

అప్పుడు టేప్ పక్కన పెట్టింది. “నా మొహం జూసి చెప్పు.”

చూడలేకపోయాను.

“నన్ను జూసి జాలి పడ్డోళ్ళు ఈ నెల రోజులల్ల చానామంది అయిన్రు. నువ్వు గూడ వాళ్ళల్ల కలవకు” అంది. కోపంగానే అంది. ఆవిడ నా మీద కోపపడటం అదే మొదటిసారి. “నేను ఎట్లాగూ చూడలే. నువ్వు చూసొచ్చి నా దగ్గర దాస్తే, ఇగ నాకు మిగిలేదేంది?”

అప్పుడు మొదలుపెట్టాను. గేటు, గొర్రెపిల్లలు, బురద, గాలి. మబ్బు విడిపోయిన చోట నా గొంతు దానంతటదే పెరిగింది. నేను అరిచానని చెప్పాను. అంతసేపూ నువ్వు గుర్తు రాలేదని కూడా చెప్పాను. ఆవిడ నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటోంది. తర్వాత టీ, ఫోటో, కౌగిలి సంగతి వచ్చింది. నేను తల వంచుకుని చెప్పాను.

తలెత్తి చూస్తే ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను.

“నన్ను గుట్ట మీద చంపేసొచ్చినవా!” అని పెద్దగా నవ్వింది. స్టీలు గిన్నె చేతిలోంచి జారి గదంతా దొర్లింది. ఆ చప్పుడుకి పడకగది తలుపు తెరుచుకుని, చెవులకి హెడ్‌సెట్‌తో బావగారు తొంగి చూశారు. లోపల ఇంటర్వ్యూ కాల్‌లో ఉన్నారాయన. “నేను సచ్చిపోయిన్నంట!” అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. ఆయన హడలిపోయి తలుపు వేసుకున్నారు. మేం నోళ్ళు మూసుకుని, కన్నీళ్ళు కారేదాకా నవ్వాం.

ఆ ఉద్యోగం ఆయనకి రాలేదు. మీ నవ్వు వల్ల కాదమ్మా, వాళ్ళు అప్పటికే వేరేవాళ్ళని తీసుకున్నారు అని ఆయనే నాకు చెప్పారు. నమ్మాలనుకున్నాను. మా ఆయన తెలిసినవాళ్ళందరికీ బావగారి రెజ్యూమే పంపాడు. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే, ఎవరైనా బావగారిని పిలిచారా అన్నదే నేను అడిగే మొదటి ప్రశ్న. గడువు దగ్గరపడ్డాక ఇలినాయ్‌లోని అరోరాలో ఒక కాంట్రాక్ట్ దొరికింది. ట్రక్కులో సామాను ఎక్కించిన రోజు నేను పులిహోర చేసిచ్చాను. ఖాళీ అయిన ఇంటికి వారంలోపే ఎవరో కొత్తగా పెళ్ళయినవాళ్ళు వచ్చారు. గోడ అవతల ఇప్పుడు ఎప్పుడూ పాటలు మోగుతుంటాయి. ఆ ఇంటి వైపు నడిచి వెళ్ళాల్సి వస్తే నేను చుట్టు తిరిగి వెళ్తాను.

“ఇక్కడంత చపాతీ పీట లెక్క ఉంది చెల్లె. గుట్ట అన్నదే లేదు” అని ఫోన్‌లో అనేది అక్క. తర్వాత ఒకరోజు ఉత్సాహంగా చెప్పింది, దగ్గర్లో ఒక దిబ్బ దొరికిందని. ఒకప్పుడు ఊళ్ళ చెత్తంతా పోసి, మీద మట్టి కప్పి, గడ్డి పెంచారట. దాన్ని ఎక్కుతున్నానంది.

పోయిన అక్టోబర్‌లో పిల్లల్ని వేసుకుని అరోరాలో వాళ్ళింటికి వెళ్ళాం. పిల్లల్ని బావగారి దగ్గర వదిలి ఇద్దరం ఆ దిబ్బ ఎక్కాం. పావుగంట కూడా పట్టలేదు. పైన గాలి బాగానే ఉంది. చుట్టూ హైవేలు, చెట్లు, నీళ్ళ ట్యాంకులు, చివరెక్కడో మసకగా చికాగో మేడలు. ఆవిడ చెయ్యి చాచి ఒక్కొక్కటీ చూపిస్తోంది, అది మా గుడి వైపు, అది పిల్లల స్కూల్ అని. నాకు ఆ తడి రాయి కళ్ళ ముందు కదిలింది. మొహం తిప్పుకున్నాను.

“అగో, మళ్ళ పెట్టినవు ఆ మొహం” అంది.

“లేదక్కా.”

“ఉండనియ్. గుట్ట ఎక్కినప్పుడు ఇంత బరువు ఉంటనే మంచిది. కాళ్ళు గట్టిపడ్తయి.” అని ఫోన్ తీసి, నా పక్కకి జరిగి, చెయ్యి దూరంగా పెట్టి ఫోటో తీసింది. గాలికి మా ఇద్దరి జుట్టూ మొహాల మీద పడి, ఎవరు ఎవరో తెలియకుండా వచ్చింది. బాగాలేదు, ఇంకోటి తీద్దామంటే వద్దంది. ఆకలేస్తోందని కిందికి దారి తీసింది.