మెట్టెక్కని టిక్కీ

సత్తెనపల్లి పొలిమేరలో పత్తి చేలు చదును చేసి పేదలకు కట్టిన ఫ్లాట్లలో, రెబ్కాకు లాటరీలో మూడో అంతస్తు వచ్చింది. అప్పటిదాకా అద్దె రేకుల షెడ్డులో బతికిన మనిషి. తాళం చేతికొచ్చిన రోజు కొళాయి తిప్పి, నీళ్లు పడుతుంటే చూస్తూ నిలబడిపోయింది.

ఆమె పని మిరపకాయలకు తొడిమలు తీయడం. వ్యాపారి పంపిన ఆటో వీధిలో టిక్కీ దించిపోతుంది. టిక్కీ అంటే ఎండుమిర్చి కూరిన గోతం. తొడిమలు తీసి, మళ్లీ మూట కట్టి పంపాలి. భర్త ఏసోబు పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. లేపి కూర్చోబెట్టాలన్నా పక్కన మనిషి ఉండాలి. అందుకే ఇల్లు వదిలి పనికి పోలేదు.

చిక్కంతా మెట్ల దగ్గరొచ్చింది. టిక్కీని ఈడ్చుకుపోతుంటే మెట్టుమెట్టుకీ గోతంలోంచి కారం దుమ్ము రేగేది. ఆ దారిలో గాలాడదు. ఘాటు గుమ్మం గుమ్మంలోకీ దూరి అందర్నీ దగ్గించేది.

రెండో అంతస్తు వెంకటరావమ్మకు అసలే ఉబ్బసం. ఒక సాయంత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పైకొచ్చింది. వెనక మెట్ల నిండా జనం.

“ఏమే రెబ్కా, మమ్మల్ని పోపులో వేసి వేయిస్తున్నావా? ఇంకో టిక్కీ మెట్టెక్కిందంటే అందరం కలిసి అర్జీ పెడతాం. ఇల్లు వెనక్కి తీసుకుంటారు, చూసుకో!”

“పని మానేసి ఏం తినమంటావత్తా?”

“అది నన్నడుగుతావేం? టిక్కీ మెట్టెక్కకూడదు, అంతే!”

ఆ దగ్గు నటన కాదని రెబ్కాకు తెలుసు. తలుపేసి, మంచం పక్కన చతికిలబడింది.

“మళ్లీ షెడ్డుకే పోదామా?” అన్నాడు ఏసోబు.

“చచ్చినా పోను. మెట్టెక్కొద్దంది గానీ ఇంటికి రావద్దనలేదుగా!”

మర్నాడు పాత ఇనప కొట్లో నూతి గిలక ఒకటి కొనుక్కొచ్చింది.

“డాబా మీద పిట్టగోడకి కట్టకే, ఊడొస్తుంది,” అన్నాడు ఏసోబు మంచంలోంచి. “ట్యాంకు కింద కాంక్రీటు దిమ్మెలున్నాయి చూడు, వాటికి పైపు బిగించమను. కొస గోడ దాటి మూరెడు బయటికి రావాలి.”

వెల్డింగతన్ని పిలిచి, గిలక సరిగ్గా తన బాల్కనీ ముందుకు వేలాడేలా బిగించుకుంది. తాడేసి లాగితే మొదటిసారే మూట గిర్రున తిరిగి కింది బాల్కనీకి కొట్టుకుంది. గోతం చిరిగి, గుప్పెడు కాయలు వెంకటరావమ్మ ఆరబెట్టిన వడియాల్లో పడ్డాయి.

“వడియాలకి కారం తక్కువైందని నీకు చెప్పానటే!” కింద నుంచి కేక.

రెబ్కా మూట దించేసింది. టిక్కీని చిన్న మూటలు చేసి, ఒక్కోదాన్నీ టార్పాలిన్‌లో బిగించింది. మూట అడుగుకి రెండో తాడు కట్టి, గోడకి తగలకుండా దూరంగా పట్టి ఉంచమని కొసను ఆటో అతనికిచ్చింది. అరచేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుని లాగింది. మూటలన్నీ ఎక్కాయి. మెట్ల వైపు తలుపు మూసి, బాల్కనీలోనే తొడిమలు తీయడానికి కూర్చుంది. చేల వైపు వీచే గాలి ఘాటును అటే తీసుకుపోయింది.

సాయంత్రం వెంకటరావమ్మ మెట్ల మీద నిలబడి గాలి పీల్చి చూసింది. మళ్లీ పీల్చింది. దగ్గు రాలేదు. తన బాల్కనీలోకొచ్చి మెడ పైకెత్తింది.

“ఏమే, రేపు మా గ్యాస్ బండొస్తుంది. నీ గిలక మోస్తుందా?”

“ఎందుకు మోయదు? మరి అర్జీ సంగతేంటత్తా?”

“అర్జీ ఎవరు రాశారే! కాయితమే దొరకలా.”

“అయితే రేపు రెండు టిక్కీలొస్తున్నాయి. కింద నిలబడి రెండో తాడు పట్టుకో. ముందు అవి, తరవాతే నీ బండ,” అంది రెబ్కా, తొడిమ తుంచుతూ.