కాసిల్‌మైన్‌లో విన్న ఒక చైనా బైబిల్ స్త్రీ కథ

మా అమ్మాయి స్నేహకు పద్నాలుగేళ్ళు, పరాయి దేశంలో మేముంటున్న వెర్రిబీలోనే పుట్టింది. ఆ మధ్య స్కూల్లో ఎవరో, "చర్చి మీది కాదు కదా, తెల్లవాళ్ళు ఇచ్చింది" అన్నారట. అప్పటినుంచి ఆదివారం వచ్చేసరికి చర్చికి రాకుండా ఏదో ఒక వంక చెబుతోంది. నేను పుట్టింది ఒంగోలు దగ్గర నాలుగు తరాలుగా ప్రార్థన జరుగుతున్న ఇంట్లో. ఇంతలో, నాతో పనిచేసే ఒక చైనా నర్సు కాసిల్‌మైన్ అనే ఊళ్ళో జరుగుతున్న ప్రదర్శన గురించి చెప్పింది. చక్రవర్తుల కాలంనాటి చైనాలో క్రైస్తవం పల్లెలకు ఎలా చేరిందో అక్కడి ఒక చిన్న చర్చిలో చూపిస్తున్నారట.

శనివారం ఏడున్నరకు వెర్రిబీలో రైలెక్కాం. సదరన్ క్రాస్ స్టేషన్‌లో బెండిగో రైలుకు మారితే పదిన్నర ప్రాంతంలో కాసిల్‌మైన్‌లో దిగవచ్చు. టికెట్‌కు బదులు వాడే మైకీ కార్డు చాలు, శని ఆదివారాల్లో రోజంతటికీ సుమారు ఎనిమిది డాలర్లు. స్నేహ దారంతా ముభావంగానే ఉంది. "అమ్మా, అది చైనీస్ వాళ్ళ స్టోరీ. వై ఆర్ వి గోయింగ్?" అంది. "చూసొద్దాం పద" అన్నాను.

స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. చర్చిలో మాకు ఫోటోలు చూపించినావిడ మే ఆంటీ. ఎనభై దాటిన మనిషి, ఇంగ్లీషు నిదానంగా మాట్లాడుతుంది. ఒక ఫోటోలో ఉన్నది ఆమె తాతమ్మ. చైనాలోని ఫుజియన్‌లో, ఆ తాతమ్మకు ఇరవై రెండేళ్ళప్పుడే భర్త పోయాడు. ఆనాటి ఆచారం ప్రకారం చిన్నప్పుడే కట్లు కట్టి కుదించిన పాదాలు. మిషన్ బడిలో చదవడం నేర్చుకుని, ఆ పాదాలతోనే ఊరూరా తిరిగింది. ఆ కాలంలో పరాయి మగవాళ్ళు ఇళ్ళలో లోపలి గదుల్లోకి వెళ్ళకూడదు. ఆమె మాత్రం నేరుగా పొయ్యి దగ్గరికే వెళ్ళి కూర్చుని, ఆడవాళ్ళకు అక్షరాలూ బైబిల్ వాక్యమూ కలిపి నేర్పేది. ఇలా తిరిగేవాళ్ళనే బైబిల్ స్త్రీలు అనేవారు. పూర్వీకుల పేర్లున్న పలకల ముందు అగరొత్తులు వెలిగించనన్నందుకు మరిది ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. పదేళ్ళకు ఆ మరిదే తన కూతుళ్ళను చదువుకోమని ఆమె దగ్గరికి పంపాడు.

"అది ఫారిన్ రెలిజియన్ అని ఎవరూ అనలేదా?" అని స్నేహ ఇంగ్లీషులో అడిగింది.

"అన్నారు. కానీ మా ఊళ్ళో చాలామంది తెల్లవాళ్ళ ముఖమే చూడలేదమ్మా. వాళ్ళు చూసింది మా తాతమ్మని" అంది ఆంటీ.

మా అమ్మ వాళ్ళ నాయనమ్మ కరుణమ్మ కూడా బైబిల్ స్త్రీనే. ఆ సంగతి కూతురికి ఎన్నడూ చెప్పలేదు. చెబితే మాది ఏ పల్లె అన్నదీ చెప్పాలి. ఇక్కడి తెలుగువాళ్ళ మధ్య ఆ మాట రాకుండా పదిహేనేళ్ళు జాగ్రత్తపడ్డాను. ఆ రోజు చెప్పేశాను. "మాది మాదిగపల్లె, స్నేహా. మనవాళ్ళను బళ్ళోకి రానివ్వని రోజుల్లో చదువు నేర్చి, పది ఊళ్ళు నడిచి ఆడవాళ్ళకు అక్షరాలు దిద్దించింది మా కరుణమ్మ."

స్నేహ "వై డిడ్‌న్ట్ యు టెల్ మీ?" అంది. కోపంగా కాదు. చర్చి గోడకు అంటించిన పెద్ద కాగితం మీద, వచ్చినవాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళ పేర్లు రాస్తున్నారు. స్నేహ నా చేత విడిగా తెలుగులో కరుణమ్మ అని రాయించుకుని, దాన్ని చూస్తూ ఆ కాగితం మీద అక్షరం అక్షరం తనే దిద్దింది.

చైనాలోనైనా, మా ఒంగోలులోనైనా, ఓడల్లో వచ్చిన మిషనరీల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. గడప గడపకూ నడిచినవాళ్ళు మాత్రం మన ఇళ్ళ ఆడవాళ్ళే. ఇంతకాలం నేను దాచుకున్నది సిగ్గుపడాల్సిన సంగతి కాదు, తలెత్తుకుని చెప్పాల్సినది. ఆ ప్రదర్శనకు వెళ్ళాలనుకునేవారికి ఒకటే సలహా: బయలుదేరేముందు ఇంటికి ఫోన్ చేసి మీ తాతమ్మల పేర్లు అడిగి రాసుకోండి. ఆ గోడమీది కాగితంలో చోటింకా చాలా ఉంది.