దాక్షారం దగ్గర ఒక జెండా

కిచెనర్‌లో నేను తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన ఆఫీసు, చలి మొదలయ్యే రోజుల్లో మా టీమ్ మొత్తాన్ని తీసేసింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, గ్వెల్ఫ్‌లోని ఒక గ్రంథాలయంలో ఆరు నెలల కాంట్రాక్టు పని కనబడితే అప్లై చేశాను. పాత మ్యాపులను స్కాన్ చేసి, ఒక్కోదానికీ కంప్యూటర్‌లో వివరాలు రాయాలి. మ్యాపుల గురించి నాకేమీ తెలియదని ఇంటర్వ్యూలోనే చెప్పేశాను. ఆ గది బాధ్యత చూసే ఆవిడకు అరవై దాటి ఉంటాయి. నవ్వి, "తప్పులు పట్టడం నీ వృత్తి కదా, అది చాలు" అంది.

జనవరిలో ఒక పొద్దున ఆవిడ సొరుగులోంచి పెద్ద కాగితం తీసి నా ముందు బల్ల మీద పరిచింది. మూడు వందల ఏళ్లు దాటిన డచ్చి మ్యాప్. నాకు తెలిసిన వంపు ఒకటి అందులో కనబడింది. దివిసీమ దగ్గర సముద్రంలోకి పొడుచుకొచ్చే నేల. కాస్త పైన "మసులిపటాన్" అని ఉంది. మా బందరు! రేపల్లె పక్కన పేటేరులో పుట్టిన నాకు, కెనడాలో మంచు కురుస్తున్న కిటికీ పక్కన ఆ పేరు కనబడేసరికి ఒళ్లు ఝల్లుమంది.

కానీ చూస్తున్నకొద్దీ ఆ సంతోషం తగ్గుతూ వచ్చింది. తీరం పొడవునా కిక్కిరిసిన పేర్లు, కొన్నింటి పక్కన చిన్న చిన్న డచ్చి జెండాలు. సముద్రం నిండా అంకెలు. తీరం దాటి లోపలికి వెళితే మాత్రం దాదాపు ఏమీ లేదు. ఊళ్లు, చెరువులు, దారులు ఉండాల్సిన చోట రెండు ఏనుగులు, ఒక ఈతచెట్టు. మూలన ఒక బొమ్మ వేశారు. టోపీ పెట్టుకున్న దొర కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా లేని నల్లటి మనిషి మోకాళ్ల మీద వంగి అతనికి బట్టల మూట అందిస్తున్నాడు.

కంప్యూటర్‌లోని పాత రికార్డులో ఒకే వాక్యం ఉంది. "తీరంలోని చిన్న గ్రామాలు, గుర్తించబడలేదు." ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎవరు గుర్తించలేదు? అక్కడ పుట్టినవాళ్లకు తెలియని ఊళ్లా అవి?

ఆవిడ అనుమతితో పెద్ద ప్రింటు తీసుకుని ఇంటికి తెచ్చాను. బందరుకు దక్షిణంగా "పేటపోలి" అనే పేరు దొరికింది. ఇంకేముంది, అది మా పేటేరే అని తేల్చేసుకున్నాను. మర్నాడు రికార్డు డ్రాఫ్టులో అలాగే రాసేశాను కూడా.

ఆ ఆదివారం మధ్యాహ్నం, మా ఇళ్ల వరసలోనే రెండిళ్ల అవతల ఉండే అంకుల్ టీకి వచ్చారు. ఆయన కాకినాడ పోర్టులో లాంచీ నడిపే సరంగుగా పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. చలికాలమంతా ఇంట్లోనే ఉండాల్సి రావడం ఆయనకు పెద్ద శిక్ష. డైనింగ్ టేబుల్ మీద ప్రింటు చూడగానే కళ్లజోడు పెట్టుకుని, టీ సంగతి మరిచిపోయారు. అందరం ముందు నేలను చూస్తాం. ఆయన వేలు నేరుగా సముద్రం మీదికి వెళ్లింది.

"ఈ అంకెలేంటో తెలుసా అమ్మా? బారలు." రెండు చేతులూ బార్లా చాపి చూపించారు. "తాడుకి సీసం గుండు కట్టి లోతు చూస్తారు. ఇక్కడ మూడు బారలు, ఇక్కడ ఐదు. పెద్ద ఓడ ఎక్కడిదాకా రావచ్చు, ఎక్కడ లంగరెయ్యాలి, అన్నీ రాసుకున్నాడు. నేల మీద వాడికేం పని? సరుకు గట్టు దాకా వచ్చేస్తే చాలు."

నేను గొప్పగా పేటపోలి చూపించి, "ఇది మా ఊరు అంకుల్, పేటేరు" అన్నాను.

ఆయన వంగి చూసి తల అడ్డంగా ఊపారు. "పేటేరుకి సముద్రం ఎక్కడుందమ్మా? ఇది నిజాంపట్నం. పూర్వం దాన్ని పెద్దపల్లి అనేవోరు. మా పాత సరంగులు అలాగే చెప్పేవోళ్లు. పెద్దపల్లి, పేటపోలి. నోరు తిరక్క అలా అయ్యింది."

నా మొహం మాడిపోయింది. ఆయన చెప్పింది నిజమని వినగానే తెలిసిపోయింది. ఆ కాగితంలో నా ఊరు ఉండాలని నేను ఎంతగా కోరుకున్నానంటే, ఉన్న ఊరిని చెరిపేసి నా ఊరు పెట్టేసుకున్నాను. మ్యాప్ గీసినవాడి మీద కోపంతో ఊగిపోతున్న నేను చేసిన పని అది.

"మిగతావి నువ్వు చదువు, నేను వింటా. ఈ రాత నాకు తెలీదు గానీ పలికితే పట్టేస్తా" అన్నారు అంకుల్.

ఒక్కొక్కటీ చదివాను. "కొరింగా" అనగానే "కోరంగి" అన్నారు. లోపలెక్కడా పేర్లు లేని మ్యాప్‌లో, గోదావరి పాయ పక్కన, తీరానికి దూరంగా ఒకటే ఒక పేరుంది. దాని పక్కన జెండా కూడా ఉంది. "దాచెరోన్" అని చదివాను. ఆయన కళ్లు మూసుకున్నారు. "మళ్లీ అను. నెమ్మదిగా." మళ్లీ అన్నాను.

"దాక్షారం!" అని టేబుల్ మీద చరిచారు. "ద్రాక్షారామం అమ్మా! మా వైపు దాక్షారం అనే అంటాం. మా అత్తోరి ఊరికి ఆరు కిలోమీటర్లు."

"గుడి వల్ల పెట్టాడేమో" అన్నాను.

"భీమేశ్వరుడి కోసమైతే చుట్టూ ఇంకా ఎన్ని గుళ్లున్నాయి, వాటినెందుకు పెట్టలేదు? జెండా చూడు. అక్కడ నేతగాళ్లుండేవోరు. బట్ట కోసం వెళ్లుంటారు."

ఇంతలో మా అమ్మాయి వచ్చింది. పదమూడేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. మూలనున్న బొమ్మ చూసి, "వై ఈజ్ హి నీలింగ్?" అంది. బట్టల మూట ఇస్తున్నాడని చెప్పాను. "బట్ హిజ్ పీపుల్ మేడ్ ఇట్, రైట్? దెన్ వై నీల్?" అని మళ్లీ అడిగింది.

అంకుల్ తనకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పారు. "హి నాట్ నీలింగ్ అమ్మా. డ్రాయింగ్ ఫెలో మేడ్ హిమ్ నీల్." ఆపైన తెలుగులోకి దిగారు. "మంచి బట్ట నేసేవోడు మూర వేసి చూపిస్తూ బేరమాడతాడు. నిలబడే ఆడతాడు."

అమ్మాయి వంగి ఆ బొమ్మను మళ్లీ దగ్గరగా చూసింది.

సోమవారం వెళ్లి ఇదంతా మ్యాపుల గది ఆవిడకు చెప్పాను. శ్రద్ధగా విని, "ఆధారం ఏమిటి?" అని అడిగింది.

"మా పక్కింటాయన గుర్తుపట్టారు."

"అచ్చయినదేదైనా కావాలి. లేకపోతే రికార్డులో పెట్టలేం."

నా గొంతు లేచింది. "ఈ మ్యాప్ గీసినవాణ్ణి ఎవరైనా ఆధారం అడిగారా? వాడు దాచెరోన్ అంటే ఇన్ని వందల ఏళ్లు చెల్లింది. ఆ పక్కనే బతికిన మనిషి సరిచేస్తే మాత్రం ఆధారం కావాలా?"

ఆవిడ మెల్లగా అంది. "శుక్రవారం నువ్వు పేటపోలిని పేటేరు అని రాశావు. అది కూడా ఆ పక్కనే పుట్టిన మనిషి రాసిందే కదా?"

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఆయన్ని తీసుకురా. నేనూ వింటాను" అంది.

బుధవారం అంకుల్‌ని కార్లో గ్వెల్ఫ్ తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా మీద కోటు, దాని మీద మంచు జాకెట్టు. దారంతా మాట్లాడలేదు. అసలు మ్యాప్ ముందు నిలబెట్టాక మాత్రం రెండు గంటలు ఆగకుండా మాట్లాడారు. నేను ఇంగ్లిష్‌లో చెబుతూ పోయాను. ఆవిడ రాసుకుంటూ పోయింది. మధ్యలో లేచి ఒక లావాటి పుస్తకం తెచ్చి పేజీలు తిప్పింది. డచ్చివాళ్లకు ద్రాక్షారామంలో బట్టల వ్యాపారానికి ఒక స్థావరం ఉండేదని అందులో అచ్చయి ఉంది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నేతగాళ్లని అన్నారు కదా, నిజమే" అంది.

అంకుల్ వేలు అప్పటికే గోదావరి ముఖద్వారం దగ్గర ఉంది. సన్నటి చుక్కలతో గీసిన ఒక గీత చూపించి, "ఇది ఇసక మేట. నీళ్ల కింద ఉంటుంది, కనపడదు. ఎక్కడో దేశం నుంచి వచ్చినోడికి ఇది ఎలా తెలిసింది?" అని అడిగారు.

నేను ఆ ప్రశ్న ఆవిడకు చెప్పాను. ఆవిడ తెలియదంది.

"మనోడెవడో ముందు పడవలో కూర్చుని దారి చూపించుంటాడు. మేం ఓడలకి చేసింది అదే కదా. వాడి పేరేదీ?"

మ్యాప్ మీద గీసినవాడి పేరుంది, అచ్చేసినవాడి పేరుంది, ఖర్చు పెట్టుకున్న పెద్దమనిషి పేరుంది. ఆ పడవవాడి పేరు లేదు. నేను ఈ మాట చెప్పాక ఆవిడ ఆ ప్రశ్నను కూడా రాసుకుంది.

తర్వాతి వారంలో రికార్డు మార్చాం. గుర్తించబడలేదన్న పదకొండు పేర్లలో ఎనిమిది తేలాయి. వాటిని తెలుగు లిపిలోనూ పెట్టాలని నేనంటే ఆవిడ సరేనంది. మొదట తెరమీద అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపించాయి. అలాంటి వాటి వెంటపడటం నాకు తొమ్మిదేళ్ల అలవాటు. కంప్యూటర్ విభాగంలో ఒకరి పక్కన కూర్చుని రెండు రోజుల్లో సరిచేయించాను. మిగిలిన మూడు పేర్ల దగ్గర "మాకు ఇంకా తెలియదు, తెలిసినవారు చెప్పగలరు" అని ఆవిడే రాసింది. పేర్లు చెప్పినవారి వివరం కోసం కొత్తగా ఒక గడి చేర్చింది. అందులో అంకుల్ పేరు, ఊరు, వృత్తి రాశాం.

"రిటైర్డ్ అని రాయకమ్మా. సరంగు అని రాయి, చాలు" అన్నారాయన.

ఆ వసంతంలో గ్రంథాలయం మ్యాపులను జనానికి చూపించే రోజు పెట్టింది. మా అమ్మాయి తన స్నేహితురాళ్లు ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి, "దాక్షారం" అని అంకుల్ అన్నట్టే పలికి చూపించింది. అంకుల్ అరగంటకోసారి చేతులు బార్లా చాపి కొత్తవాళ్లకు లోతులు వివరించారు. ఒక తెలుగు అమ్మాయి, గ్వెల్ఫ్‌లో చదువుకుంటోందట, తేలని మూడింటిలో ఒక పేరు గురించి తన తాతను ఫోన్‌లో అడిగి చెబుతానని వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు.

నా కాంట్రాక్టు మరో ఏడాది పొడిగించారు. వేసవి మొదట్లో ఆవిడ ఇంకో సొరుగు తెరిచింది. ఈసారి మ్యాప్ మేముంటున్న దక్షిణ ఒంటారియోదే. కొలబద్దతో గీసినట్టు నలుచదరపు భూమి ముక్కలు, ఇంగ్లండు ఊళ్ల పేర్లు, మధ్యలో ఎవరూ లేనట్టు తెల్లగా ఖాళీ. ఇన్నేళ్లూ ఆ చదరాల మీదే ఇల్లు కొనుక్కుని ఉంటూ, కింద ఇంకో పేరేమైనా ఉందా అని నేనెప్పుడూ అడగలేదు. ఆవిడ తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఈ నేల మీదున్న అనిషినాబే జనంలోని పెద్దావిడ ఒకామెను పిలిపించింది. ఆమె మ్యాప్ చూసి, మా ఇంటి వెనక నుంచి పారే నది మీద వేలు ఉంచి ఒక పేరు చెప్పింది.

నాకు సరిగా అందలేదు. సిగ్గుపడకుండా ఆ మాటే చెప్పాను. ఆమె నవ్వి, నా నోట్‌బుక్ దగ్గరికి జరిగి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పడం మొదలుపెట్టింది. నేను రాయడం మొదలుపెట్టాను.