టీవీలో చర్చ, ముందుగదిలో పత్తి

నాకు ఇంగ్లీషు రాదన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు గాని, నేను ఎవరికీ చెప్పలేదు. నా తెలివితక్కువతనం మొత్తం ఇంతే. మిగతాదంతా దాని మీద పెరిగిన వడ్డీ.

డిగ్రీలో ఇంగ్లీషు పేపరు మూడోసారికి గట్టెక్కింది. ఎలిమెంటరీ స్కూల్లో ఎక్కాలు చెప్పే ఉద్యోగం కాబట్టి ఆ తరవాత ఆ భాషకూ నాకూ మాటల్లేవు.

ఎనభైల నడుమ, నకరికల్లు దాటి కాస్త లోపలికి ఉండే మా ఊళ్ళో, పత్తి కొనే షావుకారు టీవీ తెచ్చాడు. డాబా మీద పొడవాటి ఇనప గొట్టం నిలబెట్టి, దాని చివర యాంటెన్నా కట్టించాడు. గాలి వీస్తే బొమ్మ మీద ముగ్గుపిండి చల్లినట్టయ్యేది. ఎవరో ఒకరు పైకెక్కి గొట్టం తిప్పుతూ "వచ్చిందా?" అని అరిస్తే, కిందివాళ్ళు "పోయింది, పోయింది, ఆఁ, ఉంచు!" అని అరిచేవాళ్ళు. పాటలొస్తే షావుకారు హాలు నిండేది. ఢిల్లీ చర్చ మొదలవగానే ఖాళీ అయ్యేది. ఆ చర్చలో కోట్లు వేసుకున్న నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, దేశాన్ని ఇంగ్లీషులో అటూ ఇటూ దొర్లించేవాళ్ళు.

ఒకరోజు జనం లేవబోతుంటే షావుకారు ఆపాడు.

"కూర్చోండయ్యా. పాటలకేనా టీవీ? దేశం ఎటు పోతందో తెలుసుకోవద్దా? మన మాస్టారు ఉన్నారుగా, చెబుతారు."

అందరూ నా వంక తిరిగారు. "రాదు" అనడానికి రెండక్షరాలు చాలు. నాకు ఆ రెండూ రాలేదు.

నా పద్ధతి తేలిక. బల్ల గుద్దినవాడిది గెలుపు, మంచినీళ్ళు తాగినవాడిది ఓటమి. ఆ రోజు నాకు అందిన మాటలు మూడు: కంప్యూటర్, జాబ్స్, ఫ్యూచర్. వాటి మధ్య సందుల్లో నా సొంత మట్టి పూడ్చి, "ఒక్క మిషను పదిమంది గుమాస్తాల పని చేస్తుందట, ఇక ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీ అట" అని చెప్పాను. దాన్ని అనువాదం అనలేం. అనుమానవాదం.

ఆయిలింజన్లు బాగుచేసే భాయ్ గోడకు ఆనుకుని శ్రద్ధగా విన్నాడు.

"మాస్టారూ, ఆ కంప్యూటరు డీజిలు మీద నడుస్తదా, కరెంటు మీదా?"

"కరెంటు మీద."

"అట్టయితే మనూరికి రాదులే. భయం లేదు."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆ తరవాత ప్రతి చర్చకూ ముందు కరెంటు పోవాలని మొక్కుకునేవాణ్ణి. పిల్లలకు చదువుకోమని చెప్పే ఉద్యోగంలో ఉండి చీకటి కోసం మొక్కిన మాస్టారు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. పగలు మాత్రం వేరే సంగతి. "ఢిల్లీవాళ్ళు ఏమంటన్నారు మాస్టారూ?" అని బజారులో ఆపి అడుగుతుంటే నా నడక మారింది. "మెడ కాస్త దించండి, గుమ్మం తగులుతుంది" అనేది మా ఆవిడ.

అట్లా ఉండగా, పత్తి తీతలు ముగిసిన రోజుల్లో, చర్చ బట్టల మీదికి వచ్చింది. కాటన్, పాలియెస్టర్, మిల్స్ అన్న మాటలు అందాయి. నలుగురిలో కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన కాటన్ అన్న మాట వచ్చినప్పుడల్లా తల అడ్డంగా ఊపి, చివరికి బల్ల గుద్దాడు. ఇంకేం కావాలి?

"పత్తి పని అయిపోయిందంటున్నాడు. ఇక ముందంతా మిషన్లో పుట్టే పాలియెస్టరు దారమేనట" అన్నాను.

 అక్కడ కూర్చున్న ప్రతివాడి ఇంట్లోనూ పత్తే ఉంది.

తెల్లారేసరికి షావుకారు అరుగు మీద కొత్త రేటు పుట్టింది. మర్నాడు అది ఇంకా కిందికి దిగింది. ఎవరైనా గొణిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు. "నేనన్నానా? ఢిల్లీ అన్నది. మాస్టారే విప్పి చెప్పారు."

మా ఎదురింటి అక్క నేను గడ్డం గీసుకుంటుండగా వచ్చింది. కౌలుకు చేసే కుటుంబం వాళ్ళది. ఏడాది కష్టమంతా ముందుగదిలో దూలాల దాకా పోసి, ఆలుమగలూ పిల్లలూ వసారాలో పడుకుంటున్నారు. పిల్లలు బడికి జుట్టులో పత్తితోనే వచ్చేవాళ్ళు. వానల్లో వాళ్ళ ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. ఆ పత్తి అమ్మి, తొలకరి లోపల రెండోదాన్ని కొనాలి.

"తమ్ముడూ, ఆ కళ్ళజోడాయన నిజంగానే అట్టా అన్నాడా?"

"అన్నట్టే ఉందక్కా."

"ఉండటమేంది? అన్నాడా, లేదా? ఈ రేటుకిస్తే కౌలు పోను ఎద్దు తోక గూడా రాదు. ఒంటెద్దుతో అరకెట్టా కడతాం? మీ బావేమో ఇంకా దిగిపోద్ది, తోలేద్దామంటన్నాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసినా నా మనసు మీ చర్చ మీదే ఉంది. నువ్వు చెప్పు, ఉంచమంటావా, అమ్మమంటావా?"

సగం గీసిన గడ్డంతో లేచి, "రెండ్రోజులాగక్కా, కనుక్కుని చెబుతా" అన్నాను.

అన్నానికి కూర్చున్నాను. మా కిటికీలోంచి చూస్తే వాళ్ళ కిటికీ, ఆ కిటికీ నిండా పత్తి. ఎటు తిరిగి కూర్చున్నా అది నా వీపునే చూస్తున్నట్టుంది.

"ఇంతకీ ఆయన ఏమన్నాడు?" అంది మా ఆవిడ.

"నాకేం తెలుసు?"

"భలే ఉంది. ఊరందరికీ తెలుసు, మీకు తప్ప."

సెలవు పెట్టి నరసరావుపేట వెళ్ళాను. గ్రంథాలయంలో ఆ వారం ఇంగ్లీషు పేపర్లన్నీ ముందేసుకుని, అట్ట ఊడిన డిక్షనరీతో కుస్తీ పట్టాను. ఒకాయన పాలియెస్టర్ చవక, అదే నిలుస్తుందని రాశాడు. ఇంకొకాయన మిల్లులకు ఎప్పటికీ పత్తి కావాలన్నాడు. మూడో ఆయన ఆ ఇద్దరినీ మెచ్చుకున్నాడు. ముగ్గురి రాతల చివరా ప్రశ్నార్థకాలే. ఇంగ్లీషులో నాకు తడుముకోకుండా అర్థమయ్యే గుర్తు అదొక్కటే. అప్పుడు వెలిగింది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు ప్రశ్నలే అడుగుతున్నారు. నేను ఆ ప్రశ్నలన్నిటినీ తీర్పులు చేసి ఊరి నెత్తిన పెట్టాను. కళ్ళజోడాయన తల అడ్డంగా ఊపింది పత్తి పని అయిపోయిందన్నవాడి మీద కూడా కావచ్చు!

తిరుగు బస్సులో భాయ్ కలిశాడు. చేతులు గ్రీజుతో నల్లగా ఉన్నాయి.

"ఎక్కడ్నించి భాయ్?"

"నకరికల్లు. షావుకారు ఇంకో గోడౌన్ అద్దెకు తీసుకున్నాడు గదా, దాని షట్టరు బిగించా. మొదటిది నిండిపోయిందంట."

బస్సు కుదుపులకు నా తల కిటికీకి కొట్టుకుంది. కొంచెం ముందే కొట్టుకుని ఉండాల్సింది.

ఇంటికి వచ్చేసరికి ఎదురింట్లో నిలువెత్తు గోనెసంచులు, బోరేలు, వేలాడదీసి, అక్క మొగుడు పత్తిని వాటిల్లో వేసి తొక్కుతున్నాడు. బోరెంలోంచి తల మాత్రమే కనపడుతోంది. తెల్లారి షావుకారు బండి వస్తుందట.

"అక్కా, నాకు తెలియదు. ఆ ఢిల్లీవాళ్ళకీ తెలియదు" అన్నాను.

"తెలవకపోతే ఆ రోజే తెలవదని చావొచ్చుగా?"

"చావొచ్చు" అని ఒప్పుకున్నాను.

బోరెంలోని తల మాట్లాడింది. "ఇప్పుడు నువ్వొచ్చి మాకొక్కళ్ళకి చెబితే ఏం లాభం బావా? మాట ఇచ్చేశా. ఊరంతా అమ్ముకుంటంటే నేనొక్కణ్ణి అడ్డం తిరిగితే పిచ్చోడనరా? అనేదేదో అక్కడే, అందర్లో అను."

గోడౌన్ సంగతి చెప్పకుండానే వచ్చేశాను. అందర్లో అనాలంటే "నాకు ఇంగ్లీషు రాదు" అన్నదగ్గర మొదలుపెట్టాలి.  నిజాయితీగా చెప్పాలంటే, షావుకారు హాలు గడప దాటేదాకా అదే చెప్పాలనుకున్నాను.

టీవీలో చర్చ నడుస్తోంది. దేని గురించో దేవుడికెరుక. కళ్ళజోడు పెద్దమనిషి మాత్రం ఉన్నాడు. హాలంతా కిక్కిరిసింది, ఎదురింటి ఆలుమగలతో సహా.

"రండి మాస్టారూ, మీ కోసమే చూస్తన్నాం. ఏమంటన్నాడు?" అన్నాడు షావుకారు, పడక్కుర్చీలో వెనక్కి వాలుతూ.

నోరు తెరిచాను. రాదు అన్న రెండక్షరాలు మళ్ళీ ఎక్కడో ఆగిపోయాయి. బదులుగా వేరేవి వచ్చాయి.

"అడుగుతున్నాడండీ. పత్తి పని నిజంగా అయిపోతే, వ్యాపారులు ఎగబడి ఎందుకు కొంటున్నారు, అంటున్నాడు. ఒక గోడౌన్ నిండితే ఇంకో గోడౌన్ ఎందుకు, అని అడుగుతున్నాడు."

పడక్కుర్చీ ముందుకు వచ్చింది.

"ఏ వ్యాపారులంట?"

"పేర్లు చెప్పలేదండీ. మర్యాదస్తుడు."

గోడ దగ్గర భాయ్ దగ్గాడు. "షట్టరు నేనిప్పుడే బిగించి వచ్చా" అన్నాడు, ఎవరితోనో కాదు, తన చేతులతో.

అక్క మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. అతను లేచాడు. "రేపు బండి వద్దులే షావుకారూ. నాలుగు రోజులు చూద్దాం." అతని వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఆ పత్తి తరవాత నెలలో గుంటూరు లారీ ఎక్కింది. వాళ్ళేం మేడలు కట్టలేదు గాని, తొలకరికి ఎద్దుకు జత కుదిరింది.

హాలు ఖాళీ అయ్యాక షావుకారు నన్ను ఆపాడు. ఆయన ముఖాన టీవీ వెలుగు నీలంగా పడుతోంది.

"నిజం చెప్పండి మాస్టారూ. అంతమాట అన్నాడా?"

"నా మీద అనుమానముంటే ఆయన్నే అడగండి" అని టీవీ వైపు చూపించాను.

సరిగ్గా అప్పుడే కళ్ళజోడు పెద్దమనిషి బల్ల గుద్దాడు.