కోపం వచ్చినవాళ్ళే చదవాలి

మా టీచరు గారు పోయారని శుక్రవారం పొద్దున్న ఎదురింటి అక్కయ్య గారు వచ్చి చెప్పారు. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదట. నేను లలితా సహస్రనామం మధ్యలో ఉన్నాను. గుమ్మంలో ఆవిడ నిలబడిన తీరు చూసి ఆపేశాను. మళ్ళీ మొదలుపెట్టబోతే ఎదురుగా పుస్తకం ఉన్నా అక్షరాలు కనిపించలేదు.

మా రామచంద్రపురం హైస్కూల్లో ఆవిడ తెలుగు చెప్పేవారు. నాకూ చెప్పారు. పదో తరగతితో నా చదువు ఆగింది గానీ ఆవిడ నన్ను వదల్లేదు. రిటైరయ్యాక శుక్రవారం సాయంత్రాలు మా వీధి ఆడవాళ్ళం కొందరం వాళ్ళింట్లో చేరేవాళ్ళం. ముందు పారాయణ, తర్వాత ఆవిడ తెచ్చిన ఏదో ఒక పుస్తకం. ఆవిడకి దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. అయినా మేం చదువుతున్నంతసేపూ కదలకుండా కూర్చునేవారు. "మీ అమ్మవారికి ఎన్ని పేర్లో చూడండి. మనకేమో ఫలానా వాళ్ళావిడ అని ఒకటే" అని నవ్వేవారు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పుస్తకంలో మాటకి ఎవరికి కోపం వస్తే తర్వాతి పేజీలు వాళ్ళే పైకి చదవాలి. "కోపంలో ఉన్నప్పుడు మనం చదవం, ఊహించుకుంటాం. ముందు చదవండి. ఆ తర్వాత తిట్టండి, నేనూ కలుస్తాను" అనేవారు. పుస్తకాన్ని పమిట చెంగుతో తుడిచి మరీ చేతిలో పెట్టేవారు.

పోయిన వర్షాకాలంలో అలా మా మధ్యకి ఒక పుస్తకం వచ్చింది. స్త్రీవాది ఒకావిడ రాసింది, తెలుగులోకి తెచ్చారు. ఆడ, మగ అన్నవి ఒంటికి సంబంధించినవి, మనసులో అనుకున్నంత మాత్రాన మారేవి కావు, ఆడవాళ్ళకి జరిగే అన్యాయమంతా ఈ ఒంటి మీదుగానే జరుగుతోంది, ఆ సంగతి మరిచిపోతే మన బాధ చెప్పుకోవడానికి మాటే మిగలదు. అదీ ఆవిడ వాదన.

ఎదురింటి అక్కయ్య గారు ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నారు. "ముప్ఫై దాటగానే నాకు గర్భసంచి తీసేశారండి. నన్నొక్క మాట అడగలేదు. డాక్టరూ మా ఆయనా మాట్లాడుకున్నారు, అంతే. ఈవిడెవరో గానీ నా తరఫున రాసింది" అన్నారు.

నర్సమ్మ గారు ఒప్పుకోలేదు. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో చేసి రిటైరయ్యారు. "పుట్టిన బిడ్డని చూసి ఆడో మగో చెప్పేదాన్ని నేనే కదండీ. ఒకటి రెండుసార్లు నాకే నోరు పెగల్లేదు. పుస్తకంలో ఉన్నంత సాఫీగా ఉండదు లేబర్ రూము."

"అయితే ఆవిడ రాసింది తప్పంటావా?"

"తప్పనలేదు టీచరు గారూ, తొందరపడిందన్నాను."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకో వాళ్ళందరికీ తెలుసు. కొడుకని పెంచుకున్న నా బిడ్డ ఒకరోజు "నేను అమ్మాయినమ్మా" అని చెప్పి, రాజమండ్రి వెళ్ళిపోయి, అక్కడ టైలరింగ్ షాపులో పని చేసుకుంటోంది. గడప తొక్కొద్దన్నారు మా ఆయన. వీధిలో ఎవరూ ఆ ఊసెత్తరు. మర్యాద కోసమేనని నాకు తెలుసు. కానీ బతికున్న బిడ్డ గురించి ఎవరూ అడగకపోతే ఎలా ఉంటుందో ఎలా చెప్పను?

"ఈ పుస్తకం ఇంక వద్దండి" అన్నాను మెల్లగా.

టీచరు గారు పుస్తకం తుడిచి నా ముందు పెట్టారు.

"పాపం, దాన్ని వదిలేయండి" అన్నారు అక్కయ్య గారు.

"ఎందుకు వదలాలి? దాని కోపం మీ అందరి కోపాల కంటే పెద్దది. అది చదవాలి."

చదివాను. అక్కయ్య గారి బాధ అందులో ఉంది, నా పురుళ్ళ బాధ కూడా ఉంది. నా బిడ్డకి మాత్రం చోటు లేదు. అయినా ఆ భాగం అయ్యేదాకా ఆపలేదు.

"ఇప్పుడు తిట్టు" అన్నారు టీచరు గారు.

"తిట్టలేనండి. ఆవిడ చెప్పిన బాధ నిజమే. కానీ నా బిడ్డ అద్దం ముందు నిలబడి ఏడవడం నేను చూశాను. అది అబద్ధమని ఎలా అనుకోను?"

ఆవిడ పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నారు. తర్వాత, "నాకు ఈ పుస్తకమే సరైనదనిపిస్తుందే. కానీ నువ్వన్న మాటా కొట్టిపారెయ్యలేను. రెండూ నా దగ్గరే ఉండనీ" అన్నారు.

ఆ తర్వాత ఆవిడే నా బిడ్డకి ఫోన్ చేశారు. ఆదివారాలు ఇంటికి పిలిచేవారు. నేను పప్పో, గోంగూర పచ్చడో పట్టుకుని వెళితే గేటు దగ్గరికే వాళ్ళ గొడవ వినిపించేది.

"మీ పుస్తకం నన్నొక్క మాట అడిగిందా, టీచరమ్మా?"

"అంత కోపంగా ఉందా? అయితే ఇదిగో, పైకి చదువు."

వాళ్ళిద్దరికీ చివరిదాకా కుదరలేదు. అయినా మా బిడ్డ ఆవిడ జాకెట్లు కుట్టి తెచ్చేది, ఆవిడ కుట్లకి వంకలు పెట్టేవారు. నేను నా బిడ్డకి నా చేత్తో అన్నం పెట్టుకునే చోటు ఆ ఇల్లొక్కటే. ఇప్పుడు అదీ లేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నానికి మా బిడ్డ బస్సు దిగి టీచరు గారింటికి వచ్చింది, చీర కట్టుకుని. మగవాళ్ళు వీధిలో ఉన్నారు. బిడ్డ తన పక్కనుంచే నడిచి వస్తుంటే మా ఆయన తల తిప్పుకున్నారు. మేం ఆడవాళ్ళం పెరట్లో చీరలు అడ్డం పట్టి, టీచరు గారికి స్నానం చేయించబోతున్నాం. బిడ్డ వచ్చి నూతి గట్టు దగ్గర ఆగింది. నా చేతిలో చెంబు ఉంది. అందరూ పెద్దావిడ కదా అని అక్కయ్య గారి వైపు చూశారు.

"లోపలికి వద్దమ్మా. నా మనసు ఒప్పుకోదు" అన్నారు ఆవిడ. బిడ్డ వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసిందో లేదో అక్కయ్య గారే పిలిచారు. "ఎక్కడికే? ఈ చీర కొస పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువైంది. ఇలా రా."

ఎవరిది న్యాయమో నాకు తెలియదు. నన్ను పైకి చదవమనడానికి టీచరు గారు లేరు.

నా బిడ్డ చీర కొస అందుకుని, మొహం గోడ వైపు తిప్పుకుంది. నేను నీళ్ళు పోశాను. పసుపు నీళ్ళు గచ్చు మీద పారి, చీర కిందనుంచి వెళ్ళి తన పాదాలు తడిపాయి. తను కాళ్ళు కదపలేదు. మేం పొడి చీర కట్టేదాకా చేతులు దించలేదు.